అటకమీది రాట్నానికి ధరెంత?

ఆగస్టు నెల వస్తోందంటే చాలు, బజారంతా మూడురంగుల్లోకి మారిపోతుంది. ప్రెషర్ కుక్కరు మీద తగ్గింపు, మిక్సీ మీద తగ్గింపు, ఆ ప్రకటన చుట్టూ కాషాయం, తెలుపు, ఆకుపచ్చ పట్టీ. 2022లో స్వాతంత్ర్యం వచ్చి 75 ఏళ్ళు నిండినప్పుడు ఇంటింటా జెండా ఎగరేసుకున్నాం. ఆ యేడు ఈ హడావిడి మరీ ఎక్కువైంది. దేశం మీద ప్రేమకూ మిక్సీ జారుకూ ఏమిటమ్మా సంబంధం అని మీలో కొందరైనా నవ్వుకునే వుంటారు.

ఈ సంగతి ఇప్పుడెందుకంటే, అమరాపురం నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరమే రాశారు. అమరాపురం అంటే మడకశిర దాటాక, కర్ణాటక సరిహద్దున వక్కతోటల మధ్య వుండే వూరు. పక్కనే హేమావతిలో పాత శివాలయాలు. ఇంట్లో తెలుగు, వాకిట్లో కన్నడం వినపడే ప్రాంతం. ఆమె ఉత్తరంలో సారాంశం ఇదీ:

“మా ఇంటి అటక మీద పెట్టెరాట్నం ఒకటి వుంది. మా అత్తగారి అత్తగారు దానిమీద నూలు వడికేవారట. మా అత్తగారికి ఇప్పుడు ఎనభై దాటాయి. ఈమధ్య పాత సామాన్లు కొనే ఒకాయన వచ్చి చూసి, ‘దీనికి బిళ్ళ లేదమ్మా, రెండువేలు ఇస్తాను. స్వాతంత్ర్యం వచ్చినప్పుడు చేసిన స్పెషల్ రాట్నాలు వేరే వున్నాయి, వాటికి 1947 అని ఇత్తడి బిళ్ళ వుంటుంది, అవైతే పదిహేను వేలు’ అన్నాడు. మావాడేమో గాంధీగారి రాట్నం కోటి రూపాయలకు అమ్ముడుపోయిందని ఫోనులో చూపించాడు. కోడలు దానికి మూడురంగుల పెయింటు వేయించి షోకేసులో పెడదామంటోంది. అత్తగారు ఏమీ మాట్లాడటం లేదు. ఏం చేయమంటారు?”

ఒక్క ఉత్తరంలో ఇంట్లో నలుగురూ వున్నారు, నలుగురికీ తలొక దారి! ముందు ఆ బిళ్ళ సంగతి చూద్దాం.

ఇంటి వాడకం వస్తువుకు దేశభక్తి బిళ్ళ తగిలించి అమ్మడం మనవాళ్ళు కనిపెట్టింది కాదు. అమెరికాలో ఎమర్సన్ అనే రేడియో కంపెనీ 1940లో ‘పేట్రియాట్’ అని ఒక బల్లమీది రేడియో తెచ్చింది. పేట్రియాట్ అంటే దేశభక్తుడు. నార్మన్ బెల్ గెడ్డెస్ అనే పేరుపొందిన డిజైనరు దాన్ని రూపొందించాడు. ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో, ముందువైపు వాళ్ళ జెండా చారల్లాంటి అడ్డపట్టీలతో వుండేది. చూడముచ్చటైన రేడియో, అందులో సందేహం లేదు. 1976లో ఆ దేశానికి స్వాతంత్ర్యం వచ్చి 200 ఏళ్ళు నిండినప్పుడైతే ఆ మూడురంగులూ ఇంటి సామాన్ల మీదికంతా ఎక్కాయి.

జర్మనీ కథ ఇంత ముచ్చటైనది కాదు. అక్కడ 1933లో ప్రతి ఇంటికీ చేరాలని చౌకరకం రేడియో ఒకటి చేయించారు. ధర 76 మార్కులు. దాని మోడల్ నెంబరు వి.ఇ. 301. ఆ 301 ఏమిటనుకున్నారు? ముప్ఫయ్యో తేదీ, ఒకటో నెల. అంటే జనవరి 30, హిట్లరు అధికారంలోకి వచ్చిన రోజు. వంటింట్లో పాట వింటూ అంట్లు తోముకునే ఇల్లాలి కళ్ళెదుట ఆ తేదీ వుండనే వుంటుంది. 1939లో యుద్ధం మొదలయ్యాక అదే రేడియోలో పరదేశపు స్టేషన్లు వినడం నేరమయింది. వస్తువు మీద ఎవరు ఏ గుర్తు వేస్తున్నారో, ఎందుకు వేస్తున్నారో కాస్త కనిపెట్టి వుండాలని నేననేది ఇందుకే.

ఇక కుట్టుమిషన్లు. మీ ఇంట్లో పాత సింగర్ మిషను వుంటే ముందువైపు నిలువు కంబం మీద కోడిగుడ్డు ఆకారంలో ఇత్తడి బిళ్ళ చూడండి. దాని అంచు నీలంగా వుండి, 1851–1951 అని అంకెలుంటే అది కంపెనీ నూరేళ్ళ పండుగకు వేసిన బిళ్ళ. ఇది దేశం పండుగ కాదు, కంపెనీ పండుగ. ఈ బిళ్ళ వున్నంత మాత్రాన మిషను ధర ఆకాశాన్నంటదు. ఎందుకంటే ఆ యేడు అలాంటివి ఒకటీ రెండూ కాదు, కుప్పలుతెప్పలుగా చేశారు. ‘స్పెషల్’ అని చెప్పి లక్షల్లో చేస్తే అది స్పెషల్ ఎలా అవుతుంది చెప్పండి!

మన దేశంలో ఈ కథ తలకిందులుగా నడిచింది. వస్తువు మీద జెండా వేయడం కాదు, వస్తువే జెండా మీదికి ఎక్కింది. అదే రాట్నం. అది ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే మన అమరాపురం సోదరి కాస్త ఆశ్చర్యపోతారు. అటక మీదినుంచే వచ్చింది!

గాంధీగారు 1909లో ‘హింద్ స్వరాజ్’ రాసేనాటికి రాట్నాన్ని కళ్ళతో చూసి ఎరగరు. దేశానికి వచ్చాక వెతికించారు. 1917లో భరూచ్‌లో జరిగిన విద్యాసభలో గంగాబెన్ మజుందార్ అనే వితంతువు ఆయనకు పరిచయమైంది. గుర్రమెక్కి ఒంటరిగా తిరగగల ధైర్యశాలి. రాట్నాన్ని వెతికిపెడతానని మాటిచ్చి గుజరాతంతా గాలించి, చివరికి బరోడా సంస్థానంలో వీజాపూర్‌లో పట్టుకుంది. అక్కడ చాలా ఇళ్ళల్లో రాట్నాలున్నాయి, కానీ పనికిరాని చెత్తకింద ఎప్పుడో అటకెక్కించేశారు. ‘మాకు సరిగ్గా ఏకులు అందిస్తూ, వడికిన నూలు కొనుక్కుంటామంటే దించి వడుకుతాం’ అన్నారట ఆ ఇల్లాళ్ళు. చూశారా! ఉపన్యాసం అడగలేదు, బిళ్ళలు అడగలేదు. దూది ఇస్తారా, నూలు కొంటారా, అంతే. ఇల్లు నడిపే ఆడది అడగవలసిన ప్రశ్నే అది. గాంధీగారు తన ఆత్మకథలో ఈ సంగతి దాచకుండా రాశారు.

అక్కడినుంచి రాట్నం ఏకుగా వచ్చి మేకై కూర్చుంది. 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశాల్లో మన పింగళి వెంకయ్యగారు జెండా నమూనా ఇచ్చారు. ఆ జెండా మధ్య రాట్నం. 1924 బెల్గాం కాంగ్రెసు తర్వాత కొంతకాలం పార్టీ సభ్యత్వానికి నాలుగణాలకు బదులు నెలకు 2,000 గజాల నూలు ఇవ్వాలన్నారు. తాను వడకలేనివారు ఇంకొకరి చేత వడికించి ఇవ్వవచ్చునని నిబంధనలో ఒక వెసులుబాటు కూడా పెట్టారు. ఆ ‘ఇంకొకరు’ చాలా ఇళ్ళల్లో ఎవరై వుంటారో మీకు వేరే చెప్పక్కర్లేదు. సభ్యత్వం కాగితం అయ్యగారి పేరు మీద, నూలు అమ్మగారి చేతిమీద!

1929లో గాంధీగారు ఖద్దరు నిధి కోసం ఆంధ్రదేశమంతా తిరిగారు. చరఖా సంఘం ఒక పోటీ ప్రకటించింది కూడా ఆ యేడే. మెరుగైన రాట్నం తయారుచేసినవారికి లక్ష రూపాయల బహుమతి. ఆ రోజుల్లో లక్ష! షరతులు చూస్తే ముచ్చటేస్తుంది. పల్లెటూరి ఇంట్లో కాలితోగానీ చేత్తోగానీ తిప్పగలిగి వుండాలి. ఆడమనిషి పెద్దగా అలసిపోకుండా రోజుకు ఎనిమిది గంటలు వడకగలగాలి. ధర 150 రూపాయలు దాటకూడదు. ఇరవయ్యేళ్ళు మన్నాలి. ఇవాళ మనం కొనే ఏ మిక్సీకైనా ఇరవయ్యేళ్ళు మన్నాలని ఎవరైనా షరతు పెడుతున్నారా? ఆ బహుమతి మాత్రం ఎవరికీ దక్కలేదు.

మన పాఠకురాలి ఇంట్లో వున్న పెట్టెరాట్నం ఆ కాలపు ఆలోచనల్లోంచే పుట్టింది. పెద్ద రాట్నాన్ని జైలుకు తీసుకుపోవడం కష్టం కదా. మూస్తే చిన్న సూట్‌కేసు, తెరిస్తే రాట్నం. లోపల రెండు చక్రాలుంటాయి. పిడివున్న పెద్ద చక్రం చిన్నదాన్ని తిప్పుతుంది, చిన్నది కదురును తిప్పుతుంది. ఇలా రెండంచెల్లో వేగం పెరుగుతుంది కనుక పెద్ద చక్రం లేకుండానే పని జరుగుతుంది. పుణె దగ్గర యెరవాడ జైల్లో గాంధీగారు ఈ రకం మీద వడికారు. అందుకే దీన్ని యెరవాడ చక్రం అని కూడా అన్నారు.

1947 జులై 22న రాజ్యాంగ సభ జెండాను ఆమోదించినప్పుడు రాట్నం స్థానంలోకి అశోకచక్రం వచ్చింది. రెండువైపులనుంచి చూసినా ఒకేలా కనపడాలి కదా, రాట్నమైతే ఒకవైపు తిరగబడుతుంది. కారణం సబబైనదే. తర్వాత తమిళనాడుకు చెందిన ఏకాంబరనాథన్ చేసిన అంబర్ చరఖా వచ్చింది. ఆయన పేరులోని ‘అంబర’మే దాని పేరు. 1950లలో వూళ్ళల్లో దాన్ని నేర్పే కేంద్రాలు పెట్టారు. బేసిక్ స్కూళ్ళలో పిల్లలు తకిలీ తిప్పారు. ఇప్పుడు ఎనభైలలో వున్న అమ్మమ్మల్ని కదిపి చూడండి, ‘మా క్లాసులో నా చిలపే సన్నగా వుండేది’ అనేవారు తప్పకుండా కనపడతారు. ఆ తర్వాత మిల్లుబట్ట, దాని తర్వాత టెరిలిన్ వచ్చి రాట్నం మళ్ళీ అటకెక్కింది. ఢిల్లీ విమానాశ్రయంలో 2016లో బర్మా టేకుతో చేసిన పెద్ద రాట్నం పెట్టారు. ఏనుగంత వుంటుంది. దాని మీద ఎవరూ నూలు వడకరు.

మన హిందూపురం, ధర్మవరం వైపు మాత్రం రాట్నం చూసి దండం పెట్టే వస్తువు ఎప్పుడూ కాలేదు. హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్టుకు పేరు. గూళ్ళనుంచి దారం తీసే పాతరకం యంత్రాన్ని చరకా అనే అంటారు. మరిగే నీళ్ళలో గూళ్ళు, ఆ వేడినీళ్ళలో వేళ్ళు. ధర్మవరంలో పట్టుచీర నేసే ఇళ్ళల్లో కండెలు చుట్టే రాట్నం వుంటుంది. పాత సైకిలు చక్రం రిమ్ముకు చట్రం కట్టి, దాని మీద తాడు వేసి చేసిన రాట్నాలు కొన్ని చోట్ల చూస్తాం. మగ్గం మీద మగవాళ్ళ చెయ్యి ఆడాలంటే పక్కన ఇంటావిడ కండెలు చుట్టి ఇస్తూనే వుండాలి. ధర్మవరం పట్టుచీరలకు, పావడాలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషమే. కండెలు చుట్టిన ఆవిడ పేరు ఏ చీర అంచున వుంటుంది? ఆ సైకిలు రిమ్ము రాట్నానికి ఏ బిళ్ళా వుండదు. పాత సామాన్లవాడు దానికి పది రూపాయలు కూడా ఇవ్వడు, ఇనుము తూకం తప్ప.

ఇక కోటి రూపాయల మాట. అది నిజమే. 2013 నవంబరులో ఇంగ్లండులో ముల్లాక్స్ అనే వేలం సంస్థ గాంధీగారి రాట్నం ఒకటి అమ్మింది. 1,10,000 పౌన్లు పలికింది. అప్పటి లెక్కన కోటి రూపాయల పైమాటే. కానీ ఆ ధర చెక్కది కాదమ్మా. ఆ రాట్నం యెరవాడ జైల్లో గాంధీగారు వాడినదనీ, ఆయన దాన్ని ఫ్లాయిడ్ పఫర్ అనే అమెరికన్ మిషనరీకి ఇచ్చారనీ చెప్పగల చరిత్ర దానికి వుంది. ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి వచ్చిందో చెప్పగలిగితేనే ఆ ధర. అదే కొయ్యతో, అదే కొలతలతో చేసిన ఇంకో రాట్నానికి అందులో నూరోవంతు కూడా రాదు. కనుక మీ అబ్బాయికి చెప్పండి, కోటి మీద ఆశ పెట్టుకోవద్దని.

మరి ఆ పాత సామాన్లాయన చెప్పిన ‘1947 బిళ్ళ’? బిళ్ళ ఏ ఇత్తడి పనివాడైనా ఒక పూటలో కొట్టి ఇస్తాడు. వుట్టి రాట్నాన్ని రెండువేలకు కొని, దానికి బిళ్ళ తగిలించి పదిహేను వేలకు అమ్మడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఆయన అలా చేస్తాడని నేననడం లేదు. ఆయన చెప్పిన లెక్కలోనే ఆ దారి వుంది, అంతే. మీరే ఎక్కడైనా ఇలాంటివి కొనబోతుంటే బిళ్ళ చూడకండి, అరుగుదల చూడండి. పిడి పట్టే చోట చెక్క నునుపెక్కి వుండాలి. తాడు తిరిగే గాడి అరిగి వుండాలి. కీలుబందుల కింద చెక్క రంగు, పైన చెక్క రంగు వేరుగా వుంటాయి. పైకంతా పాత నలుపు పూసి లోపల కొత్త చెక్క తెల్లగా మెరుస్తుంటే అనుమానించండి. మరల తల మీద ఒకే గీత వుందా, ప్లస్ గుర్తు వుందా చూడండి. పాతకాలపు వడ్రంగి ప్లస్ మరలు వాడి వుండడు. మూత లోపలివైపు ఏదైనా ఖాదీ సంఘం ముద్రగానీ, చేత్తో రాసిన పేరుగానీ వుంటే దాన్ని తుడిచేయకండి. బిళ్ళకంటే అది ఎక్కువ మాట్లాడుతుంది.

పెయింటు మాత్రం వేయించకండి. కోడలికి నచ్చచెప్పండి. పెయింటు పడితే నునుపెక్కిన చోటు, చేతిచెమట మరక, ముద్ర అన్నీ దానికింద పోతాయి. తర్వాత ఎంత గీకినా రావు. షోకేసుకే కావాలంటే ఖాదీ భండారుల్లో కొత్త పెట్టెరాట్నాలు దొరుకుతాయి, ఒకటి కొని దానికి ఏ రంగైనా వేసుకోమనండి. ఎవరికీ నష్టం లేదు.

అమ్మాలా వద్దా అన్నది నేను చెప్పేది కాదు. డబ్బు అవసరం వున్న ఇంట్లో రెండువేలు కూడా డబ్బే. అమ్మితే మాత్రం ఒక్కరి ధరకే తలూపకుండా ఇద్దరు ముగ్గుర్ని అడిగి చూడండి. కానీ అమ్మేముందు ఒక పని చేయండి. ఉత్తరంలో ‘అత్తగారు ఏమీ మాట్లాడటం లేదు’ అని రాశారు. ఆవిడను ఎవరైనా అడిగారా? రాట్నం ఎవరు తెచ్చారు, ఏ వూళ్ళో కొన్నారు, వడికిన నూలు ఎవరికిచ్చేవారు, దానికి డబ్బిచ్చేవారా బట్ట ఇచ్చేవారా, ఆ బట్టతో ఇంట్లో ఎవరికేం కుట్టించారు? ఆవిడ అత్తగారు ఏ వేళప్పుడు కూచుని వడికేవారు? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగల మనిషి ఇప్పుడు మీ ఇంట్లో ఒక్కరే వున్నారు. అబ్బాయి ఫోనులో కోటి రూపాయల వార్త చూపించాడు కదా, అదే ఫోనులో నాయనమ్మ మాట రికార్డు చేయమనండి. తర్వాత ఆ మాటల్ని ఒక కాగితం మీద తేదీ వేసి రాసి, కవర్లో పెట్టి రాట్నం మూతలో వుంచండి. రేపు అమ్మినా, ఏ మ్యూజియానికి ఇచ్చినా, మనవరాలికి ఇచ్చినా ఆ కాగితంతోనే ఇవ్వండి. వేలంలో కోటి తెచ్చింది కూడా అలాంటి వివరమే.

రాట్నాన్ని దించేటప్పుడు పట్టెల్ని పట్టుకోకుండా పెట్టె అడుగున చేయివేసి దించండి. తడిగుడ్డ వాడొద్దు. పాత పళ్ళబ్రష్షుతో మూలల్లో దుమ్ము దులిపి పొడిగుడ్డతో తుడవండి. చెక్కనుంచి పిండిలాంటి పొడి రాలుతుంటే పుచ్చు పట్టినట్టు, అప్పుడు తెలిసిన వడ్రంగికి చూపించండి. ఎండ తగిలితే మంచిదని నడినెత్తి ఎండలో పెట్టకండి, పలకలు విచ్చుకుంటాయి. కదురు తుప్పు పడితే గుడ్డకు ఒక చుక్క కిరసనాయిలు తడిపి తుడిచి, ఆపైన కుట్టుమిషను నూనె ఒక బొట్టు. కొబ్బరినూనె వద్దు, జిగటపడి దుమ్ము పట్టేస్తుంది. కదురును పట్టివుంచే చోట తోలుముక్క వుంటే అది ఎండి పెళుసెక్కి వుంటుంది, లాగకండి. చెప్పులు కుట్టే ఆయన దగ్గర పలచటి తోలుముక్క తెచ్చి అదే కొలతకు కత్తిరించి మార్చుకోవచ్చు. పాతముక్కను పారేయకుండా ఆ కవర్లోనే వేయండి.

పాత తాడు తెగిపోయి వుంటే దిగులు పడకండి. గట్టి నూలుదారం నాలుగు పోగులు కలిపి పురిపెట్టి, కొంచెం మైనం రాసి, చక్రం చుట్టూ బిగించి చిన్న ముడి వేయండి. ముడి పెద్దదైతే కదురు దగ్గరికి వచ్చినప్పుడల్లా ఎగిరిపడుతుంది. తాడు మరీ వదులైతే జారుతుంది, మరీ బిగువైతే పిడి తిరగదు. ఎంత బిగువు సరిపోతుందో అత్తగారి చేత ఒకసారి తిప్పించి చూడండి.